సైఫై నవల ఇంకొకరి చేత చదివించడం, తర్వాత దాని మీద వాదించుకోవడం ఎలాగ: మా పర్లాకిమిడి పద్ధతి

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఊరు దాటి నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా వచ్చేస్తుంది. మా ఇళ్ళల్లో గుంటలు, అంటే పిల్లలు, తెలుగు గలగలా మాట్లాడతారు కానీ బడిలో ఒడియా చదువుతారు కాబట్టి తెలుగు అక్షరాలు చాలామందికి రావు, సైఫై, అంటే సైన్స్ ఫిక్షన్, నవలలేమో దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. నోటికి ఒక భాష, చేతికి ఒక భాష, పుస్తకానికి ఇంకో భాష. అందుకే ఇక్కడ ఎవరికైనా "ఒరే ఈ నవల చదవరా, సూపర్‌గా ఉంటాది" అంటే వాడు తల ఊపుతాడు, పుస్తకం తీసుకెళ్తాడు, ఆర్నెల్ల తర్వాత అదే మడతతో తిరిగి తెచ్చిస్తాడు. పది పన్నెండేళ్ళు నేను ఇలాగే పుస్తకాలు పంచాను. తర్వాత అర్థమైంది ఏటంటే, ఇక్కడ పుస్తకం రికమెండ్ చెయ్యడం అంటే పేరు చెప్పడం కాదు, మొదటి చాప్టరు మన ఇంటి తెలుగులో నోటితో చెప్పగలగడం. అలాగ చెప్పలేకపోతే ఆ నవల మనకీ పూర్తిగా అర్థం కాలేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ గైడు మొత్తం దాని గురించే, చెప్పడం దగ్గర మొదలుపెట్టి వాదించుకోవడం దాకా వెళ్దాం.

1. ముందు పుస్తకం కాదు, మనిషిని చూడాలి

"నీకు సైఫై ఇష్టమా?" అని మాత్రం అడగొద్దు. అడిగితే వాళ్ళకి వెంటనే రాకెట్లు, ఏలియన్లు గుర్తొచ్చి "నాకు అలాంటివి ఎక్కవండి" అనీస్తారు. దానికి బదులు ఈమధ్య ఏం చూశావు, ఏం చదివావు, ఏది రాత్రి పడుకున్నాక కూడా బుర్రలో తిరిగింది అని అడగండి. జవాబులో పుస్తకం పేరు అక్కర్లేదు, మనిషి ఎటు మొగ్గుతున్నాడో తెలిస్తే చాలు.

నా లెక్కలో మూడు రకాలు ఉంటారు. ఒకళ్ళకి "ఇది ఎలా పనిచేస్తుంది" కావాలి, మోటారు విప్పి చూసే రకం. రెండో వాళ్ళకి మనుషులు, కులం, రాజ్యం, ఎవరు ఎవరి మీద పెత్తనం చేస్తున్నారు అనేది కావాలి. మూడో వాళ్ళకి ఆకాశం చూసి నోరు తెరిచే అనుభవం కావాలి, కారణాలు తర్వాత. ఒక మనిషిలో రెండు కలిసి కూడా ఉంటాయి, కానీ ఏదో ఒకటి ముందుంటుంది. మా మేనమామ బోర్లు, పంపుసెట్లు రిపేరు చేస్తాడు, ఆయనకి నేను మొదట ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన డ్యూన్ ఇచ్చాను, ఎందుకంటే నాకు డ్యూన్ అంటే ప్రాణం. అదే నా తప్పు. పేజీ పేజీకి కొత్త పేర్లు, వెనకాల ఒక పదకోశం, మావయ్య పాపం ముప్పై పేజీలు ఈదాడు. తర్వాత ద మార్షియన్ సంగతి చెప్పాను, అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన వాడొకడు తిండికి బంగాళాదుంపలు పండించాలి, మట్టికి ఎరువు లేదు కాబట్టి మనుషుల మలమే ఎరువు, నీళ్ళు లేవు కాబట్టి రాకెట్ ఇంధనం హైడ్రజీన్ లోంచి హైడ్రోజన్ విడగొట్టి, దాన్ని మండించి నీళ్ళు చేస్తాడు అన్నాను. మావయ్య చేతిలో స్పానర్ కింద పెట్టీసి "మండిస్తే నీళ్ళెలా వొస్తాయిరా, పేలిపోదూ?" అన్నాడు. పేలుతుంది మావయ్యా, ఒకసారి నిజంగానే పేలుతుంది అన్నాను. ఆయన ఇంగ్లీషు పెద్దగా చదవలేడు, నాకు అడ్డం పడి అడ్డం పడి వారం రోజులు కథ చెప్పించుకున్నాడు.

మన ఇష్టాన్ని ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టకూడదు అన్నది చెప్పడం తేలికే, పాటించడం చాలా కష్టం. ఎందుకంటే మనకి ప్రాణమైన పుస్తకం వాళ్ళకి నచ్చకపోతే మనల్నే కాదన్నట్టు ఉంటాది. అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన నవల ఎవరికీ మొదటి పుస్తకంగా ఇవ్వను, మూడోదిగా ఇస్తాను.

2. మొదటి చాప్టరు నోటితో చెప్పడం

అసలు పని ఇక్కడే ఉంది. ఆర్థర్ సి క్లార్క్ రాసిన రాండెవూ విత్ రామా తీసుకుందాం, 1973లో వచ్చింది. ఇంగ్లీషులో వెనక అట్ట మీద ఉన్నది చదివి వినిపిస్తే ఎవరూ కదలరు. నేను మా అమ్మమ్మకి చెప్పిన పద్ధతి ఇది.

"అమ్మమ్మా, ఇంకో వందేళ్ళు పోయాక, 2131లో, ఆకాశంలోంచి ఏదో ఒకటి మన సూర్యుడి వైపు వస్తా ఉంటాది. ముందు రాయి అనుకుంటారు. అప్పటికే గ్రీకు దేవుళ్ళ పేర్లు, రోమన్ దేవుళ్ళ పేర్లు అన్నీ ఆకాశంలో ఉన్నవాటికి పెట్టీసి అయిపోయాయి, అంచేత మన దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలెట్టారు. దీనికి రామ అని పెట్టారు." ఇక్కడ ఆగాను. అమ్మమ్మ ఒత్తులు చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. "దగ్గరికి పోయి చూస్తే అది రాయి కాదు, నున్నటి గొట్టం. ఎవరో చేసింది. మన నౌపడ నుంచి ఇక్కడికి రైలు వస్తాది కదా, ఆ దూరం కంటే పొడుగు, అడ్డంగా ఇరవై కిలోమీటర్లు. లోపలికి తలుపుంది."

ఇంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇందులో నేను చేసినవి కొన్ని ఉన్నాయి, అవి మీకూ పనికొస్తాయి.

కొలతని ఊరి కొలతలోకి మార్చాను. యాభై కిలోమీటర్లు అంటే అంకె, నౌపడ రైలు దూరం అంటే కిటికీ లోంచి చూసిన పొలాలు, ఆగిన స్టేషన్లు, అవన్నీ కళ్ళ ముందుకి వస్తాయి. మీది రాయగడ అయితే ఇంకో దూరం చెప్పండి, బరంపురం అయితే గోపాలపూర్ సముద్రం దాకా పోయి రావడం ఎన్నిసార్లో చెప్పండి.

సైన్సు ముక్కని ఇంట్లో వస్తువుతో చెప్పాలి, కానీ అబద్ధం ఆడకూడదు. రామ తన చుట్టూ తాను తిరుగుతాది, సుమారు నాలుగు నిమిషాలకి ఒక చుట్టు, అందుకే లోపల గోడ మీద మనుషులు నిలబడగలరు. దీనికి బకెట్టు చాలు. బకెట్లో సగం నీళ్ళు పోసి చెయ్యి చాపి గిర్రున తిప్పితే తలకిందులైనా నీళ్ళు పడవు కదా, ఆ నీళ్ళలాగే మనుషులు గోడకి అంటుకుని ఉంటారు అంతే. మా మేనకోడలు పెరట్లో నిజంగానే తిప్పి చూసింది, రెండోసారికి పడలేదు.

గ్రావిటీ, రోబో, స్పేస్‌షిప్ లాంటి మాటల్ని తెలుగు చేయక్కర్లేదు. గురుత్వాకర్షణ అన్నారనుకోండి, ఇక్కడ ఒడియా మీడియం గుంటలకి అది ఇంగ్లీషు మాట కంటే కష్టం. ఇది మా ఊరి గొడవే, కొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి రాజావారి స్కూల్లోనే పాఠాలు చెప్పారు, జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలో కూడా ఉండాలని జీవితమంతా పోట్లాడారు, ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన తిరిగిన వీధుల్లో ఉంటూ ఒక కథని అవతలివాడికి అర్థం కాని తెలుగులో చెప్పడం నాకు చేతకాదు.

ఇంకోటి, ఎక్కడ ఆపాలో ముందే అనుకుని మొదలుపెట్టండి. తలుపు దగ్గర ఆపాలి. ప్రతి మంచి సైఫై నవల్లో ఒక తలుపు ఉంటుంది, మామూలు లోకం అక్కడ అయిపోతుంది. హెచ్ జి వెల్స్ టైమ్ మెషీన్‌లో అయితే ఆ మీట నొక్కి 802701వ సంవత్సరంలో ఆగడం తలుపు, అక్కడ ఎవరున్నారో చెప్పొద్దు. (1991లో వచ్చిన ఆదిత్య 369 చూసినవాళ్ళకి ఈ 1895 నవల అంటగట్టడం చాలా సులువు, అదే వాళ్ళకి అప్పటికే తెలిసిన తలుపు.)

3. చివర చెప్పీడం అనే పాపం

ఒకసారి పాతపట్నం నుంచి వస్తా ఒక ఫ్రెండుకి ఒక నవల గురించి చెప్పుకుంటా చెప్పుకుంటా ఊపులో ముగింపు కూడా చెప్పీసాను. వాడు ఏమీ అనలేదు, కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ నవల వాడు ఇప్పటికీ చదవలేదు. నాకు ఇప్పటికీ బాధే. అందుకని మా దగ్గర ఒక రూలు ఉంది, పుస్తకం ఎంత పాతదైనా, ఫ్రాంకెన్‌స్టైన్ లాగ 1818 నాటిదైనా సరే, అక్కడున్న వాళ్ళలో ఒక్కరు చదవకపోయినా ముగింపు మాట్లాడకూడదు. మాట్లాడాలంటే చదివినవాళ్ళు పక్కకెళ్ళి మాట్లాడుకోవాలి.

4. ఎవరికి ఏది

ఇది నా అభిప్రాయం, మీరు కొట్టిపారెయ్యొచ్చు.

మోటారు విప్పే రకానికి మార్షియన్, తర్వాత రామా. రాజ్యాలు, రాజకీయాలు కావాలన్నవాళ్ళకి అసిమోవ్ ఫౌండేషన్, కానీ ఒక్క హెచ్చరిక చేసి ఇవ్వండి. అది 1942 నుంచి పత్రికలో విడివిడి కథలుగా వచ్చింది, 1951లో పుస్తకం అయింది, కాబట్టి ఒక భాగంలో మనం దగ్గరైన మనిషి తర్వాతి భాగానికి చనిపోయి ఎన్నో ఏళ్ళు అయిపోయి ఉండొచ్చు. ఇది తెలియక చాలామంది మధ్యలో వదిలీస్తారు. రోమ్ సామ్రాజ్యం కూలిపోయిన చరిత్ర చదివి ఆ ఊహతో రాసింది అని చెబితే చరిత్ర ఇష్టమున్నవాళ్ళు పట్టుకుంటారు. ఆకాశం రకానికి రామా, లేదంటే లెమ్ రాసిన సోలారిస్, 1961. అందులో ఒక గ్రహం నిండా సముద్రం, ఆ సముద్రమే ప్రాణి. సోలారిస్ మాత్రం మనసు కుదురుగా ఉన్నప్పుడు చదవమనండి, దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఇవ్వొద్దు, ఎందుకో చెబితే కథ చెప్పినట్టవుతుంది.

డ్యూన్ గురించి ఇంకొక్క మాట. చాలా మంది పబ్లిషర్లు వద్దన్న తర్వాత, కార్ల రిపేరు మాన్యువల్స్ వేసే కంపెనీ ఒకటి 1965లో దాన్ని పుస్తకంగా వేసింది. ఈ సంగతి మా మావయ్యకి చెబితే అప్పుడు మళ్ళీ అడిగాడు ఆ పుస్తకం. ఈసారి నీళ్ళ సంగతి దగ్గర మొదలెట్టి చెప్పాను, ఒంట్లోంచి పోయే చెమట చుక్క కూడా పోనివ్వకుండా తిరిగి తాగే నీళ్ళు చేసే సూటు వేసుకుని ఎడారిలో బతికే జనం, అని. పంపుసెట్ల మనిషికి అది తలుపు. నేను మొదటిసారి గుమ్మం తప్పు చూపించాను, ఇల్లు తప్పు కాదు.

పుస్తకం చేతికి అందించే సంగతి బేగి చెప్పీస్తాను. వెల్స్, జూల్స్ వెర్న్, మేరీ షెల్లీ లాంటి వాళ్ళవి కాపీరైట్ అయిపోయాయి, మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు లెక్క, వెల్స్ 1946లోనే పోయాడు. కాబట్టి ఫోన్లో ఫ్రీగా చదువుకోవచ్చు, ప్రింటు తీసి పంచినా తప్పు కాదు. మిగతావి కొనుక్కోండి, నలుగురు కలిసి ఒకటి కొన్నా చాలు. మేం అట్టకి కేలండర్ కాగితం వేసి, లోపల ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వెళ్ళిందో పెన్సిల్‌తో రాస్తాం.

5. వాదనకి దిగే ముందు

చదివిన తర్వాత నలుగురూ కూర్చుంటే గొడవ కచ్చితంగా అవుతుంది, అవ్వాలి కూడా. మేం సాయంత్రం పూట మహేంద్రతనయ ఒడ్డుకి పోతాం, లేదంటే గుప్‌చుప్ బండి దగ్గర నిలబడే గంట గడిచిపోతుంది. మా గుంపులో తెలుగోళ్ళం ఎక్కువ, ఇద్దరు ఒడియా ఫ్రెండ్స్, మాటలు మూడు భాషల్లో కలిసిపోతాయి.

అన్ని గొడవల్లోనూ సగం ఎందుకు అవుతాయంటే, ఒకడు "నాకు నచ్చలేదు" అంటాడు, ఇంకొకడికి అది "బాగోలేదు" అని వినిపిస్తుంది, మూడోవాడు "అయినా ముఖ్యమైన పుస్తకం కదా" అంటాడు. ఈ మూడూ వేరు వేరు మాటలు. ఫౌండేషన్ నాకు అంత నచ్చదు, మనుషులు చదరంగం పావుల్లాగ ఉంటారు, మొదటి పుస్తకంలో ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. కానీ కోట్ల మంది మనుషుల నడవడిని లెక్కగట్టి ముందు జరగబోయేది చెప్పొచ్చు అన్న ఊహ గొప్పది, అది నేను కాదనను. కాబట్టి నోరు తెరిచే ముందు మూడింటిలో ఏది చెబుతున్నానో చెప్పీసి మొదలుపెట్టండి. సగం అరుపులు తగ్గుతాయి.

తర్వాత, పేజీ పట్టుకుని రావాలి. "అందులో ఎక్కడో ఉంది" అనేది మా దగ్గర చెల్లదు. పుస్తకం తెచ్చి చదివి వినిపించాలి, ఇంగ్లీషులో చదివి వెంటనే తెలుగులో చెప్పాలి. తెలుగులో చెప్పినప్పుడే చాలాసార్లు వాదించేవాడికే తెలుస్తుంది, తను అనుకున్నది అక్కడ లేదని.

6. "సైన్స్ తప్పు" అనే వాదన

ఇది ప్రతిసారీ వస్తుంది. మార్షియన్ మొదట్లో పెద్ద దుమ్ము తుఫాను వస్తుంది, దాని దెబ్బకే హీరో అక్కడ మిగిలిపోతాడు. కానీ అంగారకుడి మీద గాలి ఒత్తిడి భూమి మీద ఉన్నదాంట్లో నూరో వంతు కూడా ఉండదు, ఎంత వేగంగా వీచినా మనిషిని అలా విసిరికొట్టేంత బలం దానికి ఉండదు. ఇది రచయిత ఆండీ వీర్ కూడా ఒప్పుకున్నదే. ఫిజిక్స్ చదివే కుర్రాడు ఒకడు దీని మీద పట్టుబట్టి "మొదటి పేజీలోనే తప్పుంటే మిగతాది ఎందుకు నమ్మాలి?" అన్నాడు.

ఇలాంటప్పుడు మేం అడిగే ప్రశ్న ఒకటే, ఆ తప్పు తీసేస్తే కథ పడిపోతుందా? తుఫాను బదులు ఇంకేదైనా ప్రమాదం పెట్టినా అతను అక్కడ మిగులుతాడు, బంగాళాదుంపలు అలాగే పండించాలి. కాబట్టి అది గుమ్మంలో రాయి లాంటిది, ఇంటికి పునాది కాదు. అదే బంగాళాదుంపల లెక్క, నీళ్ళ లెక్క తప్పయితే అప్పుడు పుస్తకమే లేదు. కుర్రాడు ఒప్పుకోలేదు. సైన్సు పేరు చెప్పి అమ్ముకున్న పుస్తకానికి మిగతా నవలల కంటే ఎక్కువ బాధ్యత ఉంటుంది అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, నేను దానికి ఇంకా పూర్తి జవాబు చెప్పలేదు.

7. "అసలు ఇది సైఫైయేనా?"

విశ్వనాథ సత్యనారాయణగారి హాహా హూహూలో గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర వచ్చి పడతాడు. వేరే లోకపు ప్రాణి వచ్చాడు, ఇక్కడి శాస్త్రజ్ఞులు తలలు పట్టుకున్నారు, మరి ఇది సైఫై కాదా? మా వదిన అవునంటుంది, నేను కాదంటాను. నా లెక్కేటంటే సైఫైలో వింతకి ఒక కారణం ఉంటుందని, దాన్ని వెతకొచ్చని నమ్మకం ఉండాలి. గంధర్వుడు మన కొలతలకి లొంగేవాడు కాదు, ఆ కథ బలమంతా అక్కడే ఉంది. వదిన లెక్కేటంటే, మన సైన్సు గొప్పదనుకునే వాళ్ళని బయటినుంచి వచ్చినవాడు ప్రశ్నిస్తే అంతకంటే సైఫై ఏముంటుంది అని. ఈ వాదన తేలదు. తేలకపోయినా దీని వల్ల ఇద్దరు కొత్తవాళ్ళు ఆ పుస్తకం చదివారు, యండమూరి చీకట్లో సూర్యుడు కూడా వెతికి తెచ్చుకున్నారు, మా ఒడియా ఫ్రెండు గోకులానంద మహాపాత్ర గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఒడియాలో సైఫై రాసిన పెద్దాయన ఆయన, ఆయన ఊసు లేకుండా ఇక్కడ సైఫై మాట్లాడుకోవడం సరికాదు.

8. భాషే వాదన అయినప్పుడు

నాకు అన్నిటికంటే ఇష్టమైన సాయంత్రం ఇది. ఉర్సులా లెగ్విన్ 1969లో రాసిన లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్. గెథెన్ అనే మంచు గ్రహం మీద మనుషులు మామూలుగా ఆడా కాదు, మగా కాదు, నెలలో కొద్ది రోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు. లెగ్విన్ ఇంగ్లీషులో వాళ్ళందరికీ మగవాళ్ళకి వాడే సర్వనామమే వాడింది, దాని మీద విమర్శ వచ్చింది, తర్వాత తను కూడా ఆ విషయం గురించి మళ్ళీ మళ్ళీ ఆలోచించి రాసింది.

సరే, దీన్ని తెలుగులో ఎలా చెప్తావు అని మావాళ్ళు నన్ను నిలబెట్టారు. "వాడు" అంటే మగ, "ఆవిడ" అంటే ఆడ. "తను" అందామంటే బానే ఉంటుంది కానీ వాక్యం చివరికొచ్చేసరికి "వచ్చాడు", "వచ్చింది" అని క్రియ పట్టిచ్చేస్తుంది. చివరికి "వారు వచ్చారు" అని గౌరవంలోకి వెళ్ళాను, అప్పుడు ఆడా మగా పోయింది కానీ దొంగకి కూడా మర్యాద ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు మా ఒడియా ఫ్రెండు నెమ్మదిగా అన్నాడు, మా భాషలో "సే" అంటే చాలు, ఆడైనా మగైనా అదే, క్రియ కూడా మారదు, నేను చెప్తాను వినండి అని. మంచు మీద స్లెడ్జి లాక్కుంటూ ఇద్దరు వెళ్ళే ఘట్టం వాడు ఒడియాలో చెప్పాడు. అక్కడున్న అందరికీ ఒడియా వచ్చు. ఆ ఇద్దరూ ఆడో మగో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు నాకు. ఇంగ్లీషులో మూడుసార్లు చదివాను, అది నాకు ఎప్పుడూ జరగలేదు.

మీరు రెండు మూడు భాషలున్న ఊళ్ళో ఉంటే దీన్ని వాడుకోండి. ఒకే ఘట్టాన్ని ఇద్దరు రెండు భాషల్లో చెప్పండి, తర్వాత ఏది పోయింది, ఏది వచ్చింది అని మాట్లాడుకోండి. లియు సిషిన్ చైనీసులో రాసిన త్రీ బాడీ ప్రాబ్లమ్‌కి కూడా ఇది పనిచేస్తుంది. చైనాలో పుస్తకంగా వచ్చినప్పుడు సాంస్కృతిక విప్లవం (మావో కాలంలో చైనాలో జరిగిన అల్లకల్లోలం) ఘట్టాలు మధ్యలో ఉండేవి, 2014లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు రచయిత మొదట అనుకున్నట్టే ముందుకి తెచ్చారు. ఎక్కడ మొదలుపెడితే కథ ఎలా మారుతుందో రెండు రకాలుగా చెప్పి చూడండి, రెండు వేరే నవలల్లాగ ఉంటాయి.

9. మనం తప్పని తేలితే

అక్కడే, ఆ గుంపులోనే చెప్పీండి. "నేను సరిగ్గా చదవలేదు, నువ్వన్నదే కరెక్టు" అని. మర్నాడు ఫోన్లో ఒక్కడికే చెబితే సరిపోదు, ఎందుకంటే మిగతావాళ్ళు మన తప్పు మాట నమ్మి ఇంటికెళ్ళారు. చిన్నవాళ్ళ దగ్గర పెద్దవాళ్ళు ఇలా ఒప్పుకుంటే ఆ తర్వాత వారం నుంచి చిన్నవాళ్ళు నోరు తెరుస్తారు, ఇది నేను కళ్ళారా చూశాను. మా మావయ్య హైడ్రోజన్ పేలుతుందనే గానీ నీళ్ళవుతాయని నమ్మలేదు, మేనకోడలు సైన్సు పుస్తకం తెచ్చి చూపించింది, "నాదే తప్పమ్మా" అన్నాడు. ఇప్పుడు ఆ గుంట మాతో సమానంగా వాదిస్తుంది.

10. చదవలేని వాళ్ళకి

ఇది మీ ఇంట్లో కూడా ఉండొచ్చు కాబట్టి రాస్తున్నాను. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, కళ్ళు కూడా సరిగ్గా ఆనవు. తలుపు దగ్గర ఆపీసాను కదా, రెండు రోజులు ఊరుకుంది, మూడోరోజు దీపం పెట్టిన తర్వాత పిలిచి "ఆ రామ లోపల ఎవరున్నార్రా?" అని అడిగింది. చెప్పను, చదివి వినిపిస్తాను అన్నాను. చాప్టర్లు చిన్నవి, రాత్రికి ఒకటి, ఇంగ్లీషులో ఒక పేరా కళ్ళతో చదువుకుని మన తెలుగులో చెప్పుకుంటా పోతాను, అర్థం కాకపోతే అమ్మమ్మ చెయ్యి ఎత్తుతుంది, వెనక్కి వెళ్తాం. నిన్నటికి తొమ్మిదో చాప్టరు. లోపల ఇంకా చీకటిగానే ఉంది, ఈ రాత్రి పదోది.